కోరిన చదువు దొరకనప్పుడు

కోరిక తీరినప్పుడు అది భగవంతుని దయ యని చెప్పుట ఎవ్వరికైనను సులభము. తీరనప్పుడు ఏమని చెప్పవలెను? "మనకు ప్రాప్తము లేదు" అని కొందరు నిట్టూర్చి చేతులు ముడుచుకొని కూర్చుందురు. "స్వామి మన మొర వినలేదు" అని మఱికొందరు అలిగి కోవెలకు పోవుట మానుదురు. ఈ రెండును శ్రీవైష్ణవ సంప్రదాయము చూపిన త్రోవలు కావు. నిరాకరింపబడినవాడు మొదట తానెవడో తెలిసికొనవలెను. పిమ్మట తాను చేయవలసినదేమో నిశ్చయించుకొనవలెను. ఈ క్రమమును తప్పినవాని నిశ్చయము దుఃఖము చేసిన నిశ్చయమే యగును గాని అతడు చేసినది కాదు. మన పూర్వాచార్యుల చరిత్రలు ఈ విషయమునే బోధించుచున్నవి.

ఈ బోధ నేటి గృహములలో ఎట్లు పనికివచ్చునో తెలియుటకై కృష్ణా తీరమున ఒక గ్రామమును, అందొక వైష్ణవ గృహమును ఊహించుకొందము. తండ్రి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసి విరమించినవాడు. పెద్దలనాటి మాగాణి మూడెకరములు కలదు. కుమారుడొక్కడు. విజయవాడలో బీకాం చదివి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను. ఫైనాన్స్ విద్యలో మాస్టర్స్ పట్టము పొందవలెనని అతని కోరిక. సంస్థల వాటాలకు విలువ కట్టుట, అప్పులలోని నష్టభయమును లెక్కించుట, బ్యాంకులయొక్కయు పింఛను నిధులయొక్కయు ధనమును పెట్టుబడులుగా నడుపుట మొదలగునవి ఆ విద్యలోని విషయములు. బాలుడు బ్రిటను, అమెరికా దేశములలోని ఏడు విశ్వవిద్యాలయములకు దరఖాస్తులు పంపెను. ఆరు చోట్లనుండి లేదని జవాబు వచ్చెను. ఏడవవారు కొంతకాలము నిరీక్షణ జాబితాలో నుంచి, తుదకు వారును కాదనిరి. అన్ని జాబులును ఒక్క తీరుననే యుండెను: దరఖాస్తులు అధికము, స్థానములు పరిమితము, మీకు మేలు కలుగుగాక అని. కారణము మాత్రము ఎవ్వరును వ్రాయలేదు.

ఆ దినము మొదలు బాలుడు గది విడిచి రాలేదు. బంధువుల యింట పెండ్లికి పోలేదు. పోయిన తండ్రిని పదిమందియు "మీవాడు ఎప్పుడు బయలుదేరుచున్నాడు?" అని అడిగిరి. ఆయన కండువాతో ముఖము తుడుచుకొని ఏదియో చెప్పి భోజనము కాకమునుపే తిరిగివచ్చెను.

ఇట్టి సమయముననే పట్టణమునుండి ఒక మధ్యవర్తి వచ్చెను. అతడు రెండు ఉపాయములు చెప్పెను. పేరెన్నడును వినని ఒక విద్యాలయమున రుసుము చెల్లించినవారికెల్ల చోటు కలదట. మాగాణి తనఖా పెట్టినచో నలుబది లక్షలు అప్పు పుట్టునట. లేనిచో, బాలుడు ఒక సంస్థలో రెండేండ్లు ఉద్యోగము చేసినట్లు పత్రమొకటి సృష్టించి, దానితో మరల మంచి విశ్వవిద్యాలయములకే దరఖాస్తు చేయవచ్చునట. "మూడు దినములలో ఏ సంగతియు చెప్పవలెను" అని అతడు పోయెను.

తండ్రి భూమి పత్రములున్న పెట్టెను తెరచి చూచి మరల మూసెను. ఆ రాత్రి ఆ యింట ఎవ్వరికిని నిద్ర పట్టలేదు.

నీవెవడవు?

మరునాటి ఉదయమున నాయనమ్మ బలవంతము మీద ఆ బాలుడు కోవెలకు పోయెను. తీర్థము, శఠారి అయిన పిమ్మట ధనుర్మాసములో తిరుప్పావై చెప్పు వృద్ధస్వామి ఆయనను దగ్గరకు పిలిచి, "నాయనా! చాలదినములకు కనబడితివి. ఏమి సంగతి?" అని అడిగెను.

"స్వామీ! నేను ఏడు చోట్లకు పనికిరానివాడనైతిని" అని బాలుడు తలవంచుకొనెను.

"ఏడు చోట్ల స్థానము దొరకలేదని చెప్పుము. అది నిజము. పనికిరానివాడవని ఎవ్వరు వ్రాసిరి?" అని వృద్ధుడు ప్రశ్నించెను. బాలుడు జవాబు చెప్పలేకపోయెను.

ఈ చిన్న ప్రశ్నలోనే గీతాశాస్త్రోపక్రమము ఇమిడియున్నది. కురుక్షేత్రమున అర్జునుడు విల్లు విడిచి రథముపై కూలబడెను. ఆ శోకములోనే అతడు ఒక నిశ్చయమునకు కూడ వచ్చెను: బిచ్చమెత్తి బ్రతుకుట మేలని. భగవానుడు లెమ్మని ఒక్కమాట హెచ్చరించెనే గాని, ఉపదేశమును ధనుర్విద్యతో ఆరంభింపలేదు. ఆత్మ యెట్టిదో, దేహమెట్టిదో ముందుగా తెలిపెను. తానెవడో యెఱుగనివానికి ఏమి చేయవలెనో చెప్పినను ప్రయోజనము లేదు. జీవుడు భగవంతునికి శేషభూతుడు. అనగా ఆయన సొత్తు. ఆ సొత్తునకు విలువ కట్టువాడు సొంతదారుడే. ఒక విద్యాలయమువారు చూచినది కొన్ని మార్కులను, కొన్ని పత్రములను. వారు జవాబు చెప్పినది ఆ పత్రములకు. జీవుని గూర్చి తీర్పు చెప్పు అధికారము వారికి లేదు. వారును అట్టి తీర్పు చెప్పితిమని అనుకొనరు.

అయిదు కారణములు

అట్లని తప్పు ఎదుటివారిదేయని సరిపెట్టుకొనుటయు తగదు. గీతలో పదునెనిమిదవ అధ్యాయమున ఏ కర్మకైనను అయిదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానమైన దేహము, కర్తయైన జీవుడు, సాధనములైన ఇంద్రియములు, పలువిధములైన చేష్టలు, అయిదవది దైవము. ఈ దైవము అంతర్యామియైన పరమాత్మయే యని భగవద్రామానుజులు భాష్యమున వివరించిరి. జీవుడు ప్రయత్నించుటకు శక్తినిచ్చువాడును, ఆ ప్రయత్నమునకు అనుమతి నిచ్చువాడును ఆయనయే. విఫలుడైనవాడు ఈ అయిదింటిని నిదానముగా పరిశీలింపవలెను.

ఈ బాలుని సంగతియే చూతము. ఫైనాన్స్ విద్యకు నేడు గణితము ప్రాణము. కలన గణితము, మాత్రికలు, సంభావ్యత, గణాంకశాస్త్రము, కంప్యూటరు ప్రోగ్రాము వ్రాయుట మొదలగునవి వచ్చినవారినే పేరుగల విద్యాలయములు ముందుగా ఎంచుకొనును. బాలుడో, ఇంటర్మీడియటులో సీఈసీ తీసికొనినవాడు. పదవ తరగతి తరువాత గణితము ముట్టలేదు. ఇది సాధనమున లోపము. ఏడు చోట్లకును ఒక్క వ్యాసమునే పేర్లు మార్చి పంపెను. గడువు తీరునప్పటికి పంపెను. ఇది చేష్టలో లోపము. ఆ విద్య ఎందులకు కావలెనని అడిగినచో, "పినతండ్రి కుమారుడు పోయినాడు గనుక" అనుటకంటె మంచి సమాధానము అతనివద్ద లేదు. ఇది కర్తలోని లోపము. నాలుగు కారణములలో తాను దిద్దుకొనదగినవి ఇన్ని యుండగా, అన్నిటిని అయిదవదానిమీదికి నెట్టి "దైవము ప్రతికూలించినది" అనుట న్యాయమా? అన్నియు దిద్దుకొనిన పిమ్మటను ఫలము రాకున్నచో, అప్పుడు మాత్రము అది స్వామి సంకల్పమని శిరసావహింపవలెను.

ధ్రువుని పశ్చాత్తాపము

ఇతరులతో పోల్చుకొనుటవలన పుట్టిన కోరిక యెట్టిదో శ్రీమద్భాగవతమునందలి ధ్రువోపాఖ్యానము తెలుపును. అయిదేండ్ల బాలుడు తండ్రియైన ఉత్తానపాదుని ఒడి నెక్కబోగా సవతితల్లి సురుచి అడ్డగించెను. తన గర్భమున పుట్టనివానికి ఆ చోటు లేదనెను. తండ్రి చూచుచునే ఊరకుండెను. నిండు సభలో జరిగిన నిరాకరణమది. ఏడ్చుచు వచ్చిన బిడ్డతో సునీతి సవతిని నిందింపలేదు, భర్తను దూషింపలేదు, శ్రీహరిని ఆశ్రయింపుమని మాత్రము చెప్పెను. బిడ్డలు విఫలులై యింటికి వచ్చినప్పుడు తల్లిదండ్రులు పలుకవలసిన పలుకు ఎట్లుండవలెనో ఆమెవలన నేర్చుకొనవలెను.

నారదుడు ఎదురుపడి, మానావమానములు పట్టించుకొనక తిరిగిపొమ్మని ముందు పరీక్షించెను. ధ్రువుడు తన మనస్సులోని గాయమును దాచలేదు. ఆ మాటలు తనకు నిలుచుటలేదని ఉన్నదున్నట్లు చెప్పెను. అప్పుడు మహర్షి ద్వాదశాక్షరిని ఉపదేశించి యమునాతీరమునందలి మధువనమునకు పంపెను. అయిదారు మాసములలో స్వామి ప్రత్యక్షమయ్యెను. కోరిన పదము లభించెను. ఆశ్చర్యమేమనగా, ఆ పదము లభించిన పిమ్మట ధ్రువుడు సంతసింపలేదు! సాక్షాత్తు మోక్షప్రదుని ఎదుట నిలిచి, సవతితల్లి మాటకు ప్రతిగా ఒక ఉన్నతాసనమును మాత్రమే కోరితినే యని పరితపించుచు ఇంటికి మరలెను. అవమానమునుండి పుట్టిన కోరిక తీరినను తృప్తినీయదు. అందుచేత మరల ప్రయత్నింపబోవువాడు ముందుగా ఈ ప్రశ్న వేసికొనవలెను: "ఈ విద్య నాకు కావలెనా, లేక నన్ను చూచి నవ్వినవారికి చూపించుటకు కావలెనా?"

రామానుజుల రెండు నిరాశలు

ఆశించినది అందకపోవుట యన నేమో ఎంబెరుమానారులకు తెలియనిది కాదు. యామునాచార్యుల పాదములు సేవింపవలెనని వారు కాంచీపురమునుండి శ్రీరంగమునకు పరుగు పరుగున పోయిరి. చేరునప్పటికి ఆ మహనీయుడు పరమపదము నలంకరించెను. దర్శించినది చరమ విగ్రహమును, ముడిచియున్న మూడు వ్రేళ్లను. జీవితమున కెల్ల ఆశించిన ఆచార్యుడు ఒక్క అడుగు దూరములో తప్పిపోయెను.

ఆ పిమ్మట రామానుజులు ఏమి చేసిరి? కంచికి తిరిగివచ్చి పేరరుళాళుని తిరువారాధనమునకు సాలకూపమునుండి తీర్థము మోసిరి. పెద్దది దొరకలేదని చేతిలోనున్న చిన్నదానిని విడువలేదు. తమ సందేహములను కాంచీపూర్ణులద్వారా స్వామికి విన్నవించుకొనిరి. ఆరు మాటలలో స్వామి ప్రత్యుత్తర మనుగ్రహించెను. అందు చివరిది మహాపూర్ణుల నాశ్రయింపుమనుట. రామానుజులు బయలుదేరిరి. అటునుండి మహాపూర్ణులును వారిని వెదకుచు వచ్చుచుండిరి. మధురాంతకమున ఇరువురును కలిసికొనిరి. అచటనే పంచసంస్కారములు జరిగెను. నీరు మోయుచు గడపిన కాలము వృథా యైనదని ఎవ్వరనగలరు?

రెండవది తిరుక్కోష్టియూరు వృత్తాంతము. గోష్ఠీపూర్ణులవద్ద రహస్యార్థము పొందుటకై రామానుజులు శ్రీరంగమునుండి పదునెనిమిది పర్యాయములు పోయిరి. పదునేడు పర్యాయములు రిక్తహస్తములతో మరలిరి. వాహనములు లేని కాలములో, సుమారు నూఱు కిలోమీటర్ల దూరము, రాకయు పోకయు! వాకిటినుండి ఎవరని అడిగినప్పుడెల్ల "నేను, రామానుజుడను" అని చెప్పుచు వచ్చిరనియు, ఆ "నేను" పోయిన పిమ్మట రమ్మని ఆచార్యులు పంపివేయుచుండిరనియు, తుదిసారి "అడియేన్, రామానుజదాసుడను" అనగానే తలుపు తీసిరనియు పెద్దలు చెప్పుదురు.

ఇందు గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. రామానుజులు పదునెనిమిది పర్యాయములు పోయిరని చెప్పి, "విడువక ప్రయత్నింపుము" అని మాత్రమే బోధించుట చాలదు. పోయినవాడే మరల మరల పోయినచో పదునెనిమిదవ పర్యాయమును మొదటిదానివంటిదే. తుది పర్యాయమున పోయినవాడు మాఱిపోయినవాడు. లోపమును దిద్దుకొనక మరుసంవత్సరము అదే వ్యాసమును, అదే అర్హతను పట్టుకొని పోవువాడు రుసుము మాత్రము పోగొట్టుకొనును. లోపల ఏమి మాఱినదో చెప్పగలిగినవాడే మరల పోవలెను.

కోవెల లెక్కలు

మన కథలోని వృద్ధస్వామి బాలునికి ఇవన్నియు ఒక్కనాడే చెప్పలేదు. ఆ ఉదయమున ఆయన చెప్పినది ఒక్కటే: "నాయనా! నీవు లెక్కలు చదివినవాడవు. కోవెల ఖాతా పుస్తకములు మూడేండ్లుగా ఎవ్వరును సరిచూచుటలేదు. ఈ రెండు దినములు నాకు సాయపడుము."

బాలుడు కూర్చుండెను. శాశ్వతపూజా నిధికి చెందిన మూడు డిపాజిట్లకు గడువు తీరి పదునాలుగు మాసములైనది. మరల వేయుమని బ్యాంకునకు ఎవ్వరును చెప్పలేదు. గడువు తీరి అడుగువారు లేక పడియున్న డిపాజిట్టునకు పొదుపు ఖాతా వడ్డీ, ఒప్పుకొన్న వడ్డీ, ఈ రెండింటిలో ఏది తక్కువయైన అదియే చెల్లించునట్లు 2021లో రిజర్వు బ్యాంకు నిబంధన చేసినది. అందుచేత వడ్డీ సగమునకు సగము తగ్గినది. తగ్గినమాట ఎవ్వరికిని తెలియదు. ఒక్క అర్చకస్వామికి తప్ప. నందాదీపమునకు చాలని నూనెను ఆయన తన సంభావననుండి కొనుచుండెను. "దీపము కొండెక్కకూడదు గదా బాబూ" అని మాత్రము ఆయన అనెను.

బాలుడు ఆ దినమే ధర్మకర్తచేత సంతకములు చేయించి, బ్యాంకునకు పోయి డిపాజిట్లను మరల వేయించెను. సాయంకాలము దీపము చూచుచు చాలసేపు నిలిచియుండెను. ఫైనాన్స్ అను విద్య ఎందులకో అతనికి మొదటిసారి కనబడినది. ఇతరులు నమ్మి అప్పగించిన ధనము వారు తలచిన కార్యమునకు చేరునట్లు కాపాడుటయే ఆ విద్యకు ఫలము. దీనికి సముద్రము దాటవలసిన పనిలేదు, దాటినను తప్పులేదు.

నిశ్చయము

మూడవనాటి రాత్రి తండ్రియు కుమారుడును కూర్చుండి మాటలాడుకొనిరి. మొదట దొంగపత్రము సంగతి వచ్చెను. "నాన్నగారూ! చేయని ఉద్యోగము చేసినట్లు వ్రాయించుకొని, రేపు ఇతరుల ధనమును కాపాడుదునని ఏ నోట చెప్పుదును?" అని కుమారుడే దానిని త్రోసిపుచ్చెను. ధర్మ మటుండగా, లోకరీతిని చూచినను అది ప్రమాదమే. మోసపూరితమైన పత్రములు దాఖలు చేసినవారికి బ్రిటనులో పదేండ్లవరకు ప్రవేశము నిషేధింపబడవచ్చును. అమెరికాలో ఆ మచ్చ జీవితాంతము వెంటాడవచ్చును.

పిమ్మట అప్పు సంగతి. నలుబది లక్షలకు నూటికి పది వంతున వడ్డీయే సంవత్సరమునకు నాలుగు లక్షలు. వాయిదాలు చదువు ముగిసిన పిమ్మట మొదలైనను వడ్డీ మాత్రము మొదటి దినమునుండియే పెరుగుచుండును. మంచి విద్యకు తీర్చగలిగిన అప్పు చేయుట దోషము కాదు. కాని పేరు తెలియని విద్యాలయము కొరకు, బంధువుల ప్రశ్నలకు జవాబు చెప్పుకొనుట కొరకు, మూడెకరములను పణముగా ఒడ్డుట జూదముతో సమానము. "పెండ్లిలో అందరు అడుగుచుండగా నాకును సిగ్గువేసినది రా. ఆ సిగ్గుతోనే పెట్టె తెరచితిని" అని తండ్రి చెప్పెను. అంతటి పెద్దవాడు అట్లు చెప్పుకొనుటతో కుమారుని గుండెలో బరువు దిగిపోయెను.

మిగిలిన మార్గములను కాగితముపై వ్రాసికొనిరి. వాణిజ్య పట్టభద్రునకు నూటికి యేబదియైదు మార్కులున్నచో చార్టర్డ్ అకౌంటెంటు చదువులో ఫౌండేషను లేకయే ఇంటర్మీడియటులో చేరవచ్చును. 2023లో వచ్చిన క్రొత్త విధానమున ఆడిటరువద్ద శిక్షణ మూడేండ్లనుండి రెండేండ్లకు తగ్గినది. మూడు దశల సీఎఫ్ఏ పరీక్షలు ఇంటనుండి చదువుకొనవచ్చును. క్యాట్ వ్రాసి మన దేశముననే మేనేజిమెంటు విద్యలో చేరవచ్చును. ఒక సంవత్సరము గణితము నేర్చుకొని, విదేశములకు మరల దరఖాస్తు చేయవచ్చును. ప్రతిదానికి ఎదురుగా మూడు ప్రశ్నలు వ్రాసిరి: ఇందు అసత్యమేమైన కలదా? ఇందలి ఋణము తీర్చగలిగినదా? దీనివలన ఎవ్వరికి సేవ జరుగును?

బాలుడు ఆడిటరువద్ద శిక్షణతోకూడిన చదువును ఎంచుకొనెను. ప్రతిదినము వేకువను గణితము చదువుదునని నియమము పెట్టుకొనెను. రెండేండ్ల పిమ్మట విదేశవిద్యపై కోరిక నిలిచియున్నచో, అప్పుడు మాఱిన మనిషిగా మరల అడుగవచ్చును. నిలువకున్నచో పోయినదేమియు లేదు. మధ్యవర్తికి వలదని చెప్పిరి. భూమి పత్రములు పెట్టెలోనే యుండెను.

వేఱొక బాలునికి వేఱొక మార్గము తగియుండవచ్చును. గీతాంతమున భగవానుడు కూడ అంతయు చెప్పి, చక్కగా విమర్శించుకొని ఇష్టము వచ్చినట్లు చేయుమని అర్జునునికే విడిచెను. ఆ పిమ్మటనే తన్ను శరణు పొందుమని, శోకింపవలదని అభయమిచ్చెను. విమర్శించు బాధ్యత మనది; రక్షించు భారము ఆయనది. ఈ రెంటిని తారుమారు చేసికొనుటవలననే మనకు నిద్రపట్టని రాత్రులు కలుగుచున్నవి.

మీ యింటిలోని బిడ్డ కోరిన చదువు దొరకక తలవంచుకొని కూర్చున్నచో, ముందుగా అన్నము పెట్టుడు. "ఎప్పుడు బయలుదేరుచున్నావు?" అని అడుగువారిని మీరే ఎదుర్కొనుడు. పిదప కోవెలకు పంపి, స్వామి సన్నిధిలో చేయదగిన చిన్న కైంకర్యమొకటి అతని చేతికిండు. సాలకూపమునుండి తీర్థము మోసిన భుజములే తరువాత సంప్రదాయమునెల్ల మోసెను గదా! నిరాకరింపబడిన బిడ్డల మనస్సులలో దీపము కొండెక్కకుండ అలర్మేల్మంగా సమేతుడైన శ్రీనివాసుడు కాపాడుగాక!